చలికి మసాలా టీ: అల్లం వేస్తే పాలు విరిగిపోతున్నాయి, పద్ధతి చెప్పండి

కొండదారి | డిసెంబరు 14, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది భీమవరం వైపు. ఈ ఏడాది బదిలీ మీద చింతపల్లి మండలంలో ఒక స్కూలుకి వచ్చాను. లంబసింగికి దగ్గరే. మా ఊళ్ళో చలి అంటే భోగి మంట దగ్గర కాసేపు చేతులు కాచుకోవడం, అంతే. ఇక్కడ పొద్దున ఏడైనా ఎదురుగా ఉన్న స్కూలు గేటు కనపడదు. బకెట్లో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. కొర్ర అంటే కొయ్య, బయలు అంటే ఆరుబయట. రాత్రి ఆరుబయట ఉండిపోతే తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరు వచ్చిందని ఇక్కడివాళ్ళు చెప్తారు. వచ్చిన కొత్తలో నమ్మలేదు, ఇప్పుడు నమ్ముతున్నాను.

మా అమ్మ నాతోనే ఉంటోంది. 67 ఏళ్ళు, బీపీకి మాత్ర వేసుకుంటుంది. నాలుగున్నరకే లేచి దుప్పటి కప్పుకుని కూర్చుంటుంది. ఆవిడకి ఒంట్లో వెచ్చదనం వచ్చేలా మంచి మసాలా టీ చేసి ఇవ్వాలని నా ఆశ. నేను చేసేది ఇలా: పాలు, నీళ్ళు సగం సగం పోసి, అందులోనే టీ పొడి, తురిమిన అల్లం, బెల్లం, కొన్న టీ మసాలా ఒక చెంచా, అన్నీ ఒకేసారి వేసి స్టవ్ మీద పెట్టేస్తాను. ఈ వారంలో మూడుసార్లు పాలు విరిగిపోయాయి. విరగని రోజున గొంతులో మంట, నాలుక మీద వగరు. అమ్మ ఏమీ అనదు, సగం తాగి గ్లాసు పక్కన పెడుతుంది. అదే బాధగా ఉంది.

తెలిసినవాళ్ళు చెప్పండి.

శొంఠికొమ్ము | డిసెంబరు 14, రాత్రి 9:48

బాబూ, అన్నీ ఒకేసారి వేయడమే పొరపాటు. మసాలా దినుసులకి నీళ్ళు కావాలి, పాలు కాదు. ముందు నీళ్ళలో అల్లం, మిరియాలు, యాలకులు మరగాలి. ఇల్లంతా వాసన వచ్చాక టీ పొడి. ఆ తర్వాత పాలు. బెల్లం ఎప్పుడూ ఆఖరున, స్టవ్ ఆపేశాక. ఈ వరస తప్పకపోతే పాలు విరగవు.

మాది అనకాపల్లి. బెల్లం ఊరివాళ్ళం కాబట్టి బెల్లం టీ మా ఇంట్లో రోజూ ఉండేదే. విరిగిన రోజు నాకు గుర్తులేదు.

పాలమీగడ | డిసెంబరు 14, రాత్రి 10:30

నేను డెయిరీ టెక్నాలజీ చదివి పాల ప్లాంటులో పని చేస్తున్నాను. శొంఠికొమ్ము అమ్మగారు చెప్పిన వరస నూటికి నూరు పాళ్ళు నిజం. ఎందుకో కూడా చెప్తాను, కారణం తెలిస్తే మరచిపోరు.

పచ్చి అల్లంలో జింజిబైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పాలలోని ప్రొటీన్‌ని కత్తిరిస్తుంది. పాలు బాగా వేడెక్కి, ఇంకా మరగకుండా ఉన్నప్పుడు దాని పని జోరుగా సాగుతుంది. దక్షిణ చైనాలో ఈ గుణాన్నే వాడుకుని ఒక తీపి చేస్తారు. వేడి పాలని అల్లం రసం మీద పోసి కదపకుండా వదిలేస్తే కొద్ది నిమిషాల్లో జున్నులా గట్టిపడుతుంది. అక్కడ కావాలని చేసేది మీ గిన్నెలో అనుకోకుండా జరుగుతోంది. చల్లటి పాలలో అల్లం తురుము వేసి సన్నమంట మీద మెల్లగా కాస్తే ఆ ఎంజైమ్‌కి కావలసినంత టైమ్ ఇచ్చినట్టే.

అదే అల్లాన్ని ముందు నీళ్ళలో నాలుగైదు నిమిషాలు తెర్లిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. ఘాటు మాత్రం పోదు. తర్వాత పాలు పోసినా ఏమీ కాదు.

ఇక బెల్లం. అందులో కొంచెం పులుపు గుణం ఉంటుంది, లవణాలూ ఉంటాయి. తాజా పాలైతే తట్టుకుంటాయి. రెండు రోజుల కిందటి ప్యాకెట్, అందులోనూ కింద నుంచి ఘాట్ రోడ్డు మీద ఎండలో వచ్చిన ప్యాకెట్ అయితే అప్పటికే కాస్త పులుపు మొదలై ఉంటుంది. దానికి బెల్లం, మంట తోడైతే విరగక ఏమవుతుంది? పాలు విడిగా కాచి చూడండి. విడిగా కాస్తేనే విరిగితే తప్పు పాలది, టీది కాదు.

ఇలాచీ చాయ్ | డిసెంబరు 15, ఉదయం 6:05

కొండదారి అన్నా, మాది ఆదిలాబాద్. మా బాపు ఇరవై ఏళ్ళకు పైగా బస్టాండ్ దగ్గర చాయ్ హోటల్ నడిపిండు. డిసెంబర్, జనవరిలో తెల్లారి మూడున్నరకే పొయ్యి వెలిగించేది. నేను స్కూలుకు పోయే ముందు అల్లం దంచి పెట్టి పోవాలె. కాబట్టి అల్లం గురించి ఒక ముచ్చట చెప్తా.

తురమకండి. తురిమితే రసం అంతా ఒకేసారి దిగి గొంతు మండుతది. రెండు కప్పులకు అంగుళం ముక్క చాలు. పొట్టు గీకకుండా బాగా కడిగి, కల్వంలో వేసి కచ్చాపచ్చాగా దంచండి. ముక్క పగిలి పీచులు బయటికి కనపడాలె, ముద్ద కావొద్దు. ఇలాచీ కూడా పొట్టుతోనే దంచండి, పొట్టులోనూ వాసన ఉంటది. మిరియాలు నాలుగు, లవంగాలు రెండు, దాల్చిన చెక్క గోరంత. మిరియాలను ఒక్క దెబ్బ వేసి చీల్చండి చాలు.

మా బాపు లెక్క (రెండు కప్పులకు): ఒకటిన్నర కప్పు నీళ్ళు, కప్పు పాలు, టీ పొడి రెండు చిన్న చెంచాలు. నీళ్ళు మసాలాతో ఐదు నిమిషాలు మరిగినంక టీ పొడి వేసి రెండు నిమిషాలు. అంతకన్నా ఎక్కువైతే మీరు చెప్పిన వగరు వస్తది. అప్పుడు పాలు. పొంగు వచ్చినప్పుడు మంట తగ్గించి, మళ్ళీ పెంచి, అట్లా మూడు పొంగులు. మూడో పొంగుకి పైన మీగడలాగా నురగ రంగు మారుతది. అప్పుడు ఆపేయండి.

గుండ్రటి పలుకుల టీ పొడి తీసుకోండి, దాన్నే సీటీసీ అంటరు. పాలతో చేసే చాయ్‌కి అదే సరి. ఆకు టీ పాలలో తేలిపోతది.

శొంఠికొమ్ము | డిసెంబరు 15, ఉదయం 7:20

మూడు పొంగుల మాట మా అత్తగారు కూడా అనేవారు. మీ నాన్నగారి చేతి టీ తాగాలనిపిస్తోంది బాబూ.

పొట్టు తీయని అల్లం అంటే మాత్రం మట్టి పూర్తిగా పోయేలా కడగాలి. ఆ మడతల్లో మన్ను ఉండిపోతుంది.

మంచుదేశం | డిసెంబరు 15, ఉదయం 8:55

అమెరికాలోని మిన్నెసోటా నుంచి రాస్తున్నాను. ఇక్కడ జనవరిలో మైనస్ 25 డిగ్రీలు కూడా చూశాం. మాది గుంటూరు, మిరపకాయల ఎండలో పెరిగిన ప్రాణం. మొదటి చలికాలం ఎలా గడిచిందో నాకే తెలియదు.

నాకు పనికొచ్చిన విషయం ఒకటి చెప్తాను. పచ్చి అల్లం కన్నా శొంఠి ఎక్కువ సేపు వెచ్చగా ఉంచుతుందని మా నాయనమ్మ అనేది. ఇక్కడికి వచ్చాక రెండూ చేసి చూశాను. అల్లం టీ నోట్లో చురుక్కుమంటుంది, వెంటనే తగ్గిపోతుంది. శొంఠి టీ మెల్లగా మొదలై ఛాతీ దాకా దిగుతుంది, కారు మీది మంచు గీకి వచ్చేదాకా ఆ వేడి తెలుస్తూనే ఉంటుంది. ఇది నా అనుభవం మాత్రమే, కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు ఉంటే చెప్పాలి.

ఇంకో మాట. ఫ్లాస్కులో పోసుకు వెళ్ళేవాళ్ళు పాలు కలిపిన టీ పోయకండి. రెండు గంటలకి వాసన మారిపోతుంది. మసాలా డికాషన్ మాత్రమే ఫ్లాస్కులో పోసి, పాలు విడిగా తీసుకెళ్ళి అక్కడ వేడి చేసి కలుపుకోండి. ఫ్లాస్కుని ముందు మరిగే నీళ్ళతో నింపి ఐదు నిమిషాలు ఉంచి పారబోస్తే వేడి బాగా నిలుస్తుంది.

పాలమీగడ | డిసెంబరు 15, ఉదయం 9:40

మంచుదేశం గారూ, మీ నాయనమ్మ గారి మాట నిజమే. పచ్చి అల్లం ఘాటు జింజెరాల్ అనే పదార్థానిది. అల్లాన్ని ఎండబెట్టినప్పుడు అందులో కొంత షోగాల్‌గా మారుతుంది. షోగాల్ ఘాటు జింజెరాల్ కంటే ఎక్కువ. అందుకే ఎండిన చిన్న ముక్క పచ్చి అల్లం పెద్ద ముక్కకు సమానంగా పనిచేస్తుంది.

ఒక విషయంలో పొరపడకూడదు. మిరియాలలోని పైపెరిన్, అల్లంలోని ఈ పదార్థాలు మన నాలుక మీద, గొంతులో వేడిని కనిపెట్టే నరాల కొసల్ని తట్టి లేపుతాయి. మనకి వేడి తాకినట్టే ఉంటుంది. అంతేకాని ఒంటి వేడి డిగ్రీల్లో పెరిగిపోదు. టీ తాగాను కదా అని స్వెటర్ తీసేసి బయటికి వెళ్తే చలి చేస్తుంది. పెద్దవాళ్ళ విషయంలో ఇది గుర్తుంచుకోవాలి.

కొండదారి | డిసెంబరు 15, రాత్రి 8:15

ఇంతమంది ఇంత ఓపికగా రాశారు, చాలా సంతోషం. ఈ సాయంత్రం ఇలాచీ చాయ్ అన్న లెక్క ప్రకారం చేశాను. పాలు విరగలేదు! కానీ టీ కాస్త పల్చగా, రంగు దిగనట్టు అనిపించింది. రెండు నిమిషాలే మరిగించాను. టీ పొడి మంచిదే.

ఇలాచీ చాయ్ | డిసెంబరు 15, రాత్రి 8:50

అన్నా, మీరు ఎత్తుల ఉన్నరు కదా. లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. అంత ఎత్తున నీళ్ళు వందకి కాదు, 96, 97 డిగ్రీల దగ్గరే మరుగుతయి. పైగా గిన్నె మూత తీస్తే చలిగాలి. అందుకే మీ దగ్గర మూడు, మూడున్నర నిమిషాలు ఉంచండి, మూత పెట్టి. మా లెక్క ఆదిలాబాద్‌కి.

కొండదారి | డిసెంబరు 16, ఉదయం 5:35

మూడున్నర నిమిషాలు, మూత పెట్టి. సరిగ్గా కుదిరింది. అమ్మ గ్లాసు ఖాళీ చేసి, "ఇంకాస్త ఉందా?" అంది.

తులసికోట | డిసెంబరు 16, ఉదయం 10:10

సంతోషంగా ఉందండీ. మా ఇంట్లో పాలు లేకుండా కషాయంలా చేస్తాం. 2020లో కరోనా సమయంలో ఆయుష్ మంత్రిత్వ శాఖ చెప్పిన పాళ్ళు రాసి పెట్టుకున్నాను: తులసి ఆకులు 4 భాగాలు, దాల్చిన చెక్క 2, శొంఠి 2, మిరియాలు 1. అన్నీ ఎండినవే, పొడి చేసుకోవాలి. మూడు గ్రాములు 150 మిల్లీలీటర్ల నీళ్ళకి. అప్పటి నుంచి ప్రతి చలికాలం మాకు ఇదే. టీ పొడి వేయం, బెల్లం లేదా నిమ్మరసం వేసుకుంటాం.

అమ్మగారికి గొంతు గరగర ఉంటే ఇందులో అతిమధురం ముక్క కూడా వేయండి. తియ్యగా ఉంటుంది, గొంతుకి హాయి. రోజూ ఇవ్వవచ్చు.

గోరువెచ్చన | డిసెంబరు 16, ఉదయం 11:30

తులసికోట గారూ, ఒక్క నిమిషం. నేను నర్సుని. కొండదారి గారి అమ్మగారికి బీపీ ఉందని మొదటి పోస్టులోనే రాశారు. అతిమధురం రోజూ తీసుకుంటే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. ఇది గాలి మాట కాదు, అందులోని గ్లిసిరైజిన్ వల్ల జరుగుతుందని వైద్యంలో బాగా తెలిసిన విషయం. దయచేసి ఆవిడకి ఇవ్వకండి.

ఇంకో రెండు మాటలు. మన బజారులో దొరికే మందపాటి దాల్చిన చెక్క చాలావరకు కాసియా రకం. అందులో కౌమరిన్ ఉంటుంది, ఎక్కువగా రోజూ తింటే కాలేయానికి మంచిది కాదు. టీలో గోరంత ముక్కతో భయం లేదు, చెంచాల లెక్కన పొడి మాత్రం వద్దు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు అల్లం, శొంఠి మోతాదు గురించి డాక్టరుని అడిగాకే పెంచండి.

టీ భోజనంతో పాటు ఇవ్వకండి, తిన్నాక గంట ఆగాలి. టీలోని టానిన్లు అన్నంలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంతమందికి ఉందో రోజూ వార్డులో చూస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

తులసికోట | డిసెంబరు 16, మధ్యాహ్నం 12:05

నిజమే అండీ, బీపీ సంగతి నేను చూసుకోలేదు. మా అత్తగారికి కూడా బీపీ ఉంది, ఆవిడకి రెండేళ్ళుగా ఇస్తున్నాను. ఈరోజు నుంచే మానేస్తాను. చెప్పినందుకు చాలా థాంక్స్ అండీ.

చినార్ ఆకు | డిసెంబరు 17, రాత్రి 7:25

మావారు ఆర్మీలో ఉన్నప్పుడు మూడు చలికాలాలు శ్రీనగర్‌లో ఉన్నాం. కశ్మీర్ వాళ్ళు చలికి తాగే కహ్వా గురించి ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నాను.

కహ్వాలో పాలు ఉండవు. దాల్చిన చెక్క, దంచిన యాలకులు నీళ్ళలో మరిగించి, కొద్దిగా గ్రీన్ టీ ఆకు వేసి వెంటనే దించేస్తారు. కుంకుమపువ్వు నాలుగు రేకులు వేడినీళ్ళలో నానబెట్టి కలుపుతారు. కప్పులో సన్నగా తరిగిన బాదం పప్పు వేసి దాని మీద పోస్తారు. మా పక్కింటి ఆవిడ సమోవార్‌లో చేసేది. రాగి పాత్ర, మధ్యలో గొట్టం, గొట్టంలో నిప్పులు, చుట్టూ కహ్వా. ఎవరు ఎప్పుడు వచ్చినా వేడిగా వంపేది. ఫిరన్ అనే పొడవాటి వదులు అంగీ లోపల కాంగ్డీ, అంటే నిప్పులున్న చిన్న బుట్ట కుంపటి, పెట్టుకుని ఒక చేత్తో కప్పు పట్టుకునేది.

ఆవిడే నాకు నూన్ చాయ్ కూడా నేర్పింది. గ్రీన్ టీ ఆకుని చిటికెడు సోడాతో చాలాసేపు మరిగించి, డికాషన్ ఎర్రబడ్డాక గరిటెతో ఎత్తి ఎత్తి పోసి, పాలు, ఉప్పు వేస్తారు. గులాబీ రంగు వస్తుంది. ఉప్పు టీ అంటే మొదట మొహం చిట్లించాను. రెండో చలికాలానికి అలవాటైపోయింది. బీపీ ఉన్నవాళ్ళకి మాత్రం వద్దు, ఉప్పు, సోడా రెండూ ఉంటాయి.

హైదరాబాద్ వచ్చాక కహ్వా ఎన్నిసార్లు చేసినా ఆ రుచి రాలేదు. బహుశా ఆ కిటికీ బయట మంచు ఉండాలేమో.

మంచుదేశం | డిసెంబరు 17, రాత్రి 10:40

చినార్ ఆకు గారూ, ఇక్కడ కిటికీ బయట కావలసినంత మంచు ఉంది, వచ్చేయండి. రేపే కహ్వా చేస్తాను.

శొంఠికొమ్ము గారూ, టీ మసాలా పొడి ఇంట్లో చేసే కొలతలు చెప్తారా? ఇక్కడ దొరికే డబ్బా పొడిలో ఏ వాసనా లేదు.

శొంఠికొమ్ము | డిసెంబరు 18, ఉదయం 6:30

రాసుకో తల్లీ. శొంఠి 25 గ్రాములు, యాలకులు 15, మిరియాలు 10, దాల్చిన చెక్క 10, లవంగాలు 5. అన్నిటిలో శొంఠిదే పెద్దపీట. శొంఠి లేని కషాయం లేదని ఊరికే అనలేదు పెద్దలు.

వేయించకు. వేయిస్తే యాలకుల వాసన వంటింట్లోనే ఎగిరిపోతుంది. తడి ఉందనిపిస్తే బాణలి వేడి చేసి, స్టవ్ ఆపేసి, ఆ వేడిలో ఒక్క నిమిషం కదిపి తీసెయ్. శొంఠి కొమ్ముని నేరుగా మిక్సీలో వేయకు, బ్లేడు పోతుంది. ముందు రోకలితో నాలుగు దెబ్బలు కొట్టి ముక్కలు చేసుకో. పొడి అయ్యాక పల్చని గుడ్డలో జల్లించు, లేకపోతే శొంఠి పీచు గొంతులో పట్టుకుంటుంది. రెండు కప్పులకి పావు చెంచా. కొండదారి బాబు ఒక చెంచా వేశాడు, మంట పుట్టదా మరి?

ఒకేసారి ఎక్కువ చేయకు. నెలకి సరిపడా చేసి గాజు సీసాలో పెట్టుకో.

కొండదారి | జనవరి 8, రాత్రి 8:40

పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దుండదంటారు, ఇక్కడ నిజంగా అలాగే ఉంది. స్కూలు అయ్యేసరికి చీకటి. రోజూ శొంఠి టీ జరుగుతోంది. మిరియాలు మాత్రం కొనక్కర్లేదు. మా స్కూలు వెనక కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లన్నిటికీ మిరియాల తీగలే. మా ఎదురింటి గిరిజన కుటుంబం వాళ్ళ తోటవి ఒక గిద్దెడు ఇచ్చారు. ఆ ఘాటు, ఆ వాసన ఇదివరకు ఎప్పుడూ చూడలేదు. నాలుగు వేసేవాడిని రెండుకి తగ్గించాను.

వాళ్ళింట్లో పెద్దాయన పొద్దున్నే తాగేది టీ కాదు, వేడి వేడి చోడి (రాగి) అంబలి. నాకూ ఒక చెంబు ఇచ్చారు. మధ్యాహ్నం దాకా ఆకలి తెలియలేదు. అమ్మకీ నచ్చింది. ఇప్పుడు మాకు నాలుగున్నరకి శొంఠి టీ, ఏడింటికి అంబలి.

కొండదారి | జనవరి 26, సాయంత్రం 5:15

మళ్ళీ ఒక ప్రశ్న. ఎదురింటివాళ్ళు ఈసారి పచ్చి మిరియాల గుత్తులే బుట్టెడు ఇచ్చారు, "మీరే ఆరబెట్టుకోండి మాస్టారూ" అని. గుత్తిలో ఒకటి రెండు గింజలు ఎర్రబడి ఉన్నాయి, మిగతావి ఆకుపచ్చ. ఎలా ఆరబెట్టాలి? పొద్దున పది దాకా పొగమంచే, ఎండ తక్కువ. బూజు పడతాయని టెన్షన్‌గా ఉంది.

సిల్వర్‌ఓక్ | జనవరి 26, రాత్రి 9:05

పాడేరు వైపు మాకు కాఫీ, మిరియాల తోట ఉంది సార్. ఒకటి రెండు గింజలు ఎర్రబడ్డాయంటే సరైన అదనులో కోశారు.

గుత్తుల నుంచి గింజలు దులపండి. వెదురు బుట్టలో గానీ పల్చని గుడ్డలో గానీ మూట కట్టి, మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి తీయండి. అంతకు మించి ఉంచకండి. ఇలా చేస్తే గింజ మీది దుమ్ము పోతుంది, రంగు అంతా ఒకేలా నల్లగా వస్తుంది, త్వరగా ఆరుతుంది కాబట్టి బూజు భయం కూడా తగ్గుతుంది. తర్వాత శుభ్రమైన చాప మీద పల్చగా పరచండి. నేల మీద వద్దు. రాత్రి మంచు పడకముందే లోపలికి తెచ్చేయండి, మంచు తగిలితే మళ్ళీ మొదటికొస్తుంది. ఐదారు రోజుల్లో పంటి కింద పెడితే టక్కున విరగాలి. మూడు కిలోల పచ్చి గింజలకి కిలో మిరియాలు వస్తాయి.

కొండదారి | జనవరి 30, సాయంత్రం 4:50

సార్, మీరు చెప్పినట్టే చేశాను. నీళ్ళలోంచి తీసి చాప మీద పోసిన మొదటి రోజు సాయంత్రానికే నల్లబడడం మొదలైంది. ఇవాళ నాలుగో రోజు, ముడతలు పడ్డాయి, ఇంకా టక్కున విరగడం లేదు. పొగమంచు విడవగానే అమ్మ చాప బయట వేసుకుని, శాలువా కప్పుకుని పక్కనే కూర్చుంటోంది. కోళ్ళు రాకుండా చూస్తూ, మధ్యమధ్యలో అరచేత్తో గింజలు కదుపుతోంది. ఆ చెయ్యి దగ్గరకి వెళ్తే చాలు, మిరియాల వాసన.

ఎండాక మంచుదేశం గారికి ఒక పొట్లం పంపాలని ఉంది. అంత దూరం ఎలా పంపాలో తెలిసినవాళ్ళు చెప్పండి.